గేట్లు మూశాక తేలే దీవులు

శ్రీరాంసాగర్ వెనక నీళ్ళలో దీవులు చలికాలంలో పుడతాయి. వానలు బాగా పడ్డ ఏడు జలాశయం 1091 అడుగుల దాకా నిండుతుంది. అప్పుడు నందిపేట వైపు ఏ ఒడ్డున నిలబడ్డా అవతలి గట్టు కనబడదు. యాసంగి వరికి కాకతీయ కాలువ వదిలాక మట్టం కొద్దికొద్దిగా దిగుతుంది. ముందు ఒక బండ తల బయటపడుతుంది. కొన్నాళ్ళకు దాని పక్కన మట్టి దిబ్బ తేలుతుంది. తడి ఆరకముందే దానిమీద పచ్చగడ్డి మొలుస్తుంది, పక్షులు దిగుతాయి. నీళ్ళు ఇంకా తగ్గేసరికి ఆ దిబ్బలన్నీ ఒడ్డుతో కలిసిపోయి గొర్లు మేసే బీడవుతాయి. కాబట్టి వీటిని దీవులుగా చూడాలంటే ఆ నడిమి వారాల్లోనే పోవాలి. ఫొటోలు తీయాలనుకునే వాళ్ళకైతే ఆ వారాలు తప్పితే మళ్ళీ ఏడాదే.

మా ఇంట్లో దీవుల ముచ్చట అండమాన్‌తో మొదలైంది. మా అమ్మాయి హైదరాబాద్‌లో చదువుతూ ఫొటోగ్రఫీ నేర్చుకుంటోంది. ఎండాకాలం సెలవుల్లో అందరం కలిసి సముద్రం మధ్యన దీవికి పోదామని ఆమె పట్టు. ఆమె తమ్ముడిది కూడా అదే పాట. మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి, ఓడ ఎక్కి దిగడం ఎట్లాగన్నది మా ఆయన దిగులు. నేను ఒక మాట చెప్పాను. అండమాన్ సరే, దానికి ముందు సంక్రాంతి సెలవుల్లో మన జిల్లాలో ఉన్న దీవులు తిరుగుదాం. వెలుతురు ఎటునుంచి పడుతుందో, పడవలో పెద్దవాళ్ళను ఎట్లా కూర్చోబెట్టాలో, ఒక ఫొటో కోసం ఇంటిల్లిపాదీ ఎంతసేపు ఓపిక పట్టగలరో ఇక్కడే తెలుస్తుంది అన్నాను. సగం నమ్మకంతోనే ఒప్పుకున్నారు. నిజామాబాద్‌లో దీవులేంటన్నది వాళ్ళ అనుమానం.

ప్రయాణానికి ముందు హోటళ్ళ పేర్లు వెతకలేదు, నిజామాబాద్‌లో చుట్టాలిల్లు ఉంది. నేను రాసుకున్నవి రెండే రెండు సంగతులు. ఏ చోట ఏ పూట పొద్దు ఎటు ఉంటుంది, ఆ వారం నీళ్ళు ఎంతవరకు ఉంటాయి. జనవరి నడుమ ఇక్కడ సూర్యుడు ఏడుకు కాస్త ముందు పొడుస్తాడు, ఆరుకు అటూఇటూగా దిగుతాడు. రోజంతా దక్షిణం పక్కకు ఒరిగే ఉంటాడు కాబట్టి మధ్యాహ్నం మూడు దాటితే చాలు, వెలుతురు పక్కనుంచి వచ్చి రాళ్ళకు, చెట్లకు, ముఖాలకు నీడలు తెస్తుంది. మే నెలలో ఈ భాగ్యం ఉండదు. పొద్దున ఎనిమిదికే ఎండ నెత్తికెక్కుతుంది.

బోధన్ రోడ్డు పట్టుకుని ముందు జానకంపేట దగ్గరి అశోక్‌సాగర్‌లో ఆగాం. చెరువు నీళ్ళ మధ్యన సరస్వతి విగ్రహం, ఒడ్డున పెద్ద పెద్ద బండరాళ్ళ మధ్య వేసిన తోట. బాసర పోయేవాళ్ళు ఇక్కడ దిగి పిల్లలతో ఫొటోలు దిగడం ఆనవాయితీ. నీళ్ళు ముదురు రంగు, విగ్రహం మీద ఎండ. ఫోను తన లెక్క తాను వేసుకుంటే విగ్రహం తెల్లగా మాడిపోతుంది. మా అమ్మాయి తమ్ముడికి చూపించింది. తెర మీద విగ్రహం ముఖాన్ని వేలితో నొక్కి పట్టుకుని, వెలుతురు గీతను కిందికి జరిపితే చాలు. వాడికి అది వచ్చేసింది. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

అలీసాగర్‌కు మాత్రం పూట మొత్తం పెట్టుకున్నాం. నిజామాబాద్ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, పెద్ద రోడ్డు నుంచి లోపలికి మలిగితే ఎడపల్లి మండలంలో ఉంటుంది. నిజాం ప్రభుత్వం 1930ల మొదట్లో కట్టించిన జలాశయం ఇది. గుట్ట మీద వేసవి విడిది, కింద తోట, నీళ్ళ నడుమ ఒక చిన్న దీవి, పక్కన జింకల పార్కు. నిజామాబాద్ పట్నం తాగే నీళ్ళకు కూడా ఇదే ఆధారం. ఇందులోకి నీళ్ళు వచ్చేది నిజాంసాగర్ కాలువ నుంచి.

నిజాంసాగర్ ఊసు ఎత్తకుండా ఈ దారిలో ఏదీ చెప్పలేం. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట పనిని నడిపించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. 2.75 లక్షల ఎకరాలకని తీసిన ఆ కాలువలు వచ్చాకే ఈ నేలమీద చెరుకు నిలిచింది. చెరుకు నిలిచాకే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. మేం అలీసాగర్ ఒడ్డున నిలబడి చూస్తున్న దీవి, ఆ కాలువ కథలో ఒక విశ్రాంతి గది.

ఆ దీవితో మా అమ్మాయి మొదట చాలా అవస్థ పడింది. నీళ్ళ అంచున నిలబడి తీస్తే తెర మీద ఒక సన్నటి పచ్చగీత తప్ప ఏమీ పడలేదు. దీవి అనిపించాలంటే చుట్టూ నీళ్ళు కనబడాలి. చుట్టూ నీళ్ళు కనబడాలంటే మనం పైన ఉండాలి. గుట్ట మెట్లెక్కి విడిది పక్కన నిలబడితే అప్పుడు నాలుగు వైపులా నీళ్ళతో దీవి పూర్తిగా విచ్చుకుంది. ఎక్కలేని వాళ్ళకు రెండో ఉపాయం ఉంది. ఒడ్డున వేలాడే కొమ్మనో, కట్టేసిన పడవ ముక్కునో ముందు పెట్టుకుని తీస్తే దీవి ఎంత దూరంలో ఉందో కన్ను పోల్చుకుంటుంది. అత్తమ్మ కింద తోటలో కూర్చుని మనవడి చేత పల్లికాయలు ఒలిపించుకుంటోంది. ఆమె భుజం మీదుగా దీవిని పట్టిన ఫొటోయే చివరికి ఆ పూట తీసిన వాటన్నిటిలో నాకు నచ్చింది. కుటుంబంతో పోయినప్పుడు మనుషులను పక్కకు జరగమని ప్రకృతిని తీసే అలవాటు నాకు ఎప్పుడూ నచ్చదు. మనుషులే దూరానికి కొలత.

అక్కడినుంచి బోధన్ దాకా రోడ్డు పక్కన వరి నాట్లు, పసుపు మడులు, నడుమ నడుమ చెరుకు. అత్తమ్మ కిటికీ అద్దం దించింది. "గప్పుడు జానకంపేట దాటినమంటే తియ్యటి వాసన వచ్చేది బిడ్డా. సీజన్‌ల బండ్లు రోడ్డు పొంటి బారు కట్టి రాత్రంత నిలబడేటియి" అంది మనవరాలితో. మా మామయ్య ఆ ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోయినవాడు. జానకంపేట నుంచి బోధన్‌కు చీలే రైలు దారి కూడా ఆ చక్కెర రోజులదే, 1938లో వేశారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు వేసిన చేతులు వరికి, సోయాకు మళ్ళాయి. మళ్ళీ తెరిపిస్తామన్న మాట ప్రతి ఎన్నికలకూ వినిపిస్తుంది. శక్కర్‌నగర్‌లో లోపలికి పోలేదు, రోడ్డు మీదనుంచే చూశాం. మా అమ్మాయి కెమెరా తీసింది కానీ గేటును తీయలేదు. గేటు వైపు చూస్తున్న నాయనమ్మను తీసింది. ఆ కాలువల్లో నీళ్ళు ఇప్పటికీ పారుతున్నాయి. ఆ నీళ్ళను నమ్మి బతికిన వేలమంది కార్మికుల, రైతుల బతుకులు ఎటు పోయాయన్నది ఈ దారిలో ప్రయాణించే ఎవరికైనా గుండెలో కలుక్కుమనే సంగతి. దీవుల కోసం బయల్దేరిన యాత్ర అని దాన్ని దాటేసి పోలేను.

బోధన్ నుంచి రెంజల్ మీదుగా కందకుర్తికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. నేను కోరుకున్న వేళ అదే.

కందకుర్తి గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే చోటు. నాసిక్ త్రయంబకం దగ్గర పుట్టిన గోదావరి, బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, వీటితో హరిద్ర అనే చిన్న వాగు, మూడూ ఇక్కడ కలుస్తాయి. పుష్కరాలప్పుడు ఘాట్ల మీద ఇసక వేస్తే రాలదు. 2015లో అట్లాగే జనం వచ్చారు, మళ్ళీ 2027లో వస్తారు. మామూలు రోజుల్లో మాత్రం మనసుకు ఎంతో నెమ్మదిగా ఉంటుంది. సంగమం నడుమ నల్లరాతి శివాలయం. మా యాత్రలో అసలు దీవి ఇదే.

ఈ గుడి ఏడాదిలో మూడు రూపాలు చూపిస్తుంది. వరద వచ్చినప్పుడు పూర్తిగా మునిగిపోతుంది. ఆ వార్త ప్రతి వానాకాలం జిల్లా పత్రికల్లో వస్తుంది. ఎండాకాలంలో చుట్టూ ఇసుక తేలి నడిచే పోవచ్చు. ఈ రెంటి నడుమ నెలల్లోనే అది నీళ్ళ మధ్య నిలబడి దీవి అవుతుంది. ఆ నడిమి నెలలు ఎంతకాలం సాగుతాయన్నది పైనుంచి వచ్చే నీటినిబట్టి, కింద శ్రీరాంసాగర్ నిండుదలనిబట్టి ఉంటుంది. పైన మహారాష్ట్రలో, ధర్మాబాద్ దగ్గర బాబ్లీ బరాజ్ ఉంది. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దాని 14 గేట్లు జూలై 1న ఎత్తుతారు, అక్టోబరు 28 దాకా తెరిచి ఉంచి ఆ తర్వాత మూస్తారు. మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదులుతారు. గేట్లు మూశాక కందకుర్తి దగ్గర నది ఉరకలు ఆపి నిలకడకు వస్తుంది. నీళ్ళు తేరుకుంటాయి, గాలి లేని సాయంత్రం గుడి నీడ తల్లకిందులుగా తేటగా కనబడుతుంది. ఫొటోగ్రాఫర్లు క్యాలెండర్‌లో పండుగల పక్కన ఈ గేట్ల తేదీలు కూడా రాసుకోవాలని నా మాట. వానాకాలంలో ఆ గేట్లు ఎత్తి ఉన్న రోజుల్లో పిల్లలను తీసుకుని నది దగ్గరికి పోవడానికీ, మంచుకాలంలో పోవడానికీ ప్రాణాలంత తేడా ఉంది.

ఘాట్ దగ్గర పడవతను రెండు భాషల్లో పిలుస్తున్నాడు. మాతో తెలుగు, ధర్మాబాద్ వైపు నుంచి వచ్చిన కుటుంబంతో మరాఠీ. అందరికీ లైఫ్ జాకెట్లు ఉంటేనే ఎక్కుతాం అన్నాం. అత్తమ్మ మొదట వద్దంది.

"నాకెందుకు బిడ్డా గీ సంచి? గోదారి తల్లి నన్నేం జేస్తది?"

"తల్లి ఏం చేయదు నానమ్మా. కానీ నువ్వు కట్టుకోకపోతే తమ్ముడు కూడా కట్టుకోనంటాడు" అంది మా అమ్మాయి.

అంతే, చీర కొంగు సర్దుకుని జాకెట్ తొడిగించుకుంది. పెద్దవాళ్ళకు భయం చెప్పడం కన్నా పిల్లల పేరు చెప్పడమే మేలని అప్పుడు అర్థమైంది. ఆమెను పడవ నడుమ, అడ్డపలక మీద కూర్చోబెట్టి అటొకరం ఇటొకరం కూర్చున్నాం. పడవలో నిలబడి ఫొటో తీయకూడదన్నది మా నియమం. కూర్చుని తీస్తే కెమెరా నీళ్ళకు దగ్గరవుతుంది, గుడి ఇంకా ఎత్తుగా లేస్తుంది. అది అదనపు లాభం.

పొద్దు మహారాష్ట్ర వైపు దిగడం మొదలయ్యాక గుడి నల్లటి ఆకారమై పోయింది. అందరూ ఆ వేళ ఫోన్లు పైకెత్తి సూర్యుణ్ణే తీస్తారు. మా అమ్మాయి వెనక్కి తిరిగింది. ఎర్రటి ఎండ పడ్డ మా ముఖాలు, ఘాట్ మెట్లు, ఊరి గోడలు ఆ నాలుగైదు నిమిషాలు వెలిగిపోయాయి. అస్తమయం చూడ్డానికి పోయినవాళ్ళు ఒకసారి వెనక్కి తిరగాలి. ఎండ చేసే పనంతా అటే ఉంటుంది.

ఘాట్ మీద ఒక కుటుంబం పెద్దల పేరున పిండాలు పెడుతోంది. మా అబ్బాయి ఫోను అటు తిప్పబోతే వాళ్ళ అక్క చెయ్యి పట్టి ఆపింది. అడిగి ఒప్పుకుంటే తీయాలి, దుఃఖంలో ఉన్నవాళ్ళను అడగనే అడగకూడదు. ఎంత మంచి వెలుతురైనా సరే.

ఆ రాత్రి నిజామాబాద్‌లో పడుకుని తెల్లవారకముందే నందిపేట దారి పట్టాం. ఉమ్మెడ వైపు నీళ్ళ దగ్గరికి చేరేసరికి మంచు ఇంకా లేవలేదు. శ్రీరాంసాగర్‌కు 1963 జూలై 26న నెహ్రూ పోచంపాడు దగ్గర శంకుస్థాపన చేశారు. 42 గేట్ల ఆ ఆనకట్ట లేచాక ఎన్నో ఊళ్ళు నీళ్ళ కిందికి పోయాయి. మా అత్తమ్మ తల్లిగారి ఊరు వాటిలో ఒకటి. వాళ్ళ తల్లిదండ్రులు ఇచ్చిన పరిహారం పుచ్చుకుని పైగడ్డన కొత్త ఇళ్ళు కట్టుకున్నారు. ఆమె అప్పటికే పెళ్ళై వచ్చేసింది. పాత ఊరు పోయిన రోజు చూడలేదు.

మంచు విడుతుంటే ఒకటొకటిగా దిబ్బలు కనబడ్డాయి. అత్తమ్మ చాలాసేపు దిక్కులు పోల్చుకుంది. గుడి గోపురం ఎటు, వంతెన ఎటు అని మా ఆయనను అడిగి అడిగి లెక్క వేసుకుంది. తర్వాత చెయ్యి చాపింది. "గదిగో, గా రెండు బండలున్న దిబ్బ. గది మా చెలక. గా బండ మీదనే పల్లికాయ ఎండబోసేటోళ్ళం. దాని కిందంగ బాయి, బాయి దాటితే ఊరు." మా అబ్బాయి ఊరెక్కడని మళ్ళీ అడిగాడు. "గా తెల్లటి పిట్టలు తేలుతున్నయి చూడు, గాడ" అంది.

మామూలుగా తీస్తే ముందు ఆమె పెద్దగా, దూరాన దిబ్బ గింజంతగా పడుతుంది. మా అమ్మాయి చాలా అడుగులు వెనక్కి పోయి, పొడుగు లెన్స్ పూర్తిగా లాగి తీసింది. అట్లా తీసినప్పుడు దూరాలు దగ్గరకు జరుగుతాయి. చాపిన చెయ్యి, ఆ రెండు బండలు ఒకే చట్రంలో పక్కపక్కన నిలిచాయి. ఇన్నాళ్ళూ నాకు ఈ నీళ్ళంటే అందమైన వెడల్పు మాత్రమే. అత్తమ్మకు అది చెలక, బాయి, ఊరు. ఇక్కడ దీవులు తీసే వాళ్ళెవరైనా ముందు ఒడ్డున ఉన్న ముసలివాళ్ళను నాలుగు మాటలు అడగాలని గట్టిగా చెప్తాను. ఫలానా దిబ్బ ఎవరి పొలమో, ఫలానా మొండి గోడ ఏ గుడిదో వాళ్ళకే తెలుసు. ఆ తరం వెళ్ళిపోతే ఆ పేర్లు ఏ మ్యాపులోనూ దొరకవు. మా అమ్మాయి ఆ పూట చెప్పినవన్నీ ఫోనులో రికార్డు చేసి, ప్రతి ఫొటో కింద ఆ పేరు రాసి పెట్టింది.

చలికాలంలో ఈ వెనక నీళ్ళకు మధ్య ఆసియా వైపు నుంచి డెమోయిసెల్ కొంగలు వస్తాయి, ఫ్లెమింగోలు దిగుతాయి. గడ్డి బీళ్ళలో కృష్ణజింకలు మేస్తాయి. మేం పోయిన పొద్దున కొంగల గుంపు ఒక దిబ్బ మీద బారు తీరి నిలబడింది. ఫొటో కోసం కార్లను గడ్డిలోకి తోలి జింకల వెంటపడటం, పక్షులు లేచి ఎగరాలని డ్రోన్ వదలడం పెరిగింది. అంత దూరం ఎగిరి వచ్చిన పిట్టకు ఆ దిబ్బే రాత్రి పడక. దాన్ని లేపి తీసిన ఫొటో ఎంత బాగున్నా నాకు చూడబుద్ధి కాదు. బండి రోడ్డు మీదే ఆపి, నడిచి, కూర్చుని ఎదురుచూస్తే అవే దగ్గరికి వస్తాయి. మాకు రెండు కృష్ణజింకలు అట్లాగే కనబడ్డాయి.

ఇంటికొచ్చాక అండమాన్ లెక్క మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి నీళ్ళ నుంచే. అక్కడ పొద్దు మనకన్నా చాలా ముందు పొడుస్తుంది, సాయంత్రం ఐదున్నరకు అటూఇటూగానే దిగిపోతుంది. దేశమంతటికీ ఒకే గడియారం కావడం వల్ల అట్లా. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హేవ్‌లాక్‌లో, రాధానగర్ తీరం పడమర చూస్తుంది కాబట్టి సాయంత్రానికి. కాలాపత్థర్ తూర్పు చూస్తుంది, తెల్లవారుజాముకు. పాత పేరు నీల్ అయిన షహీద్ ద్వీప్‌లో లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ రాతి వంతెన సముద్రం వెనక్కి పోయినప్పుడే నడిచి చూడగలం. అమావాస్య, పున్నమి దగ్గర రోజుల్లో ఆటు బాగా లోపలికి పోతుంది. మే నడిమికల్లా అక్కడ వానలు మొదలవుతాయి, మనకేమో బడులకు సెలవులు ఏప్రిల్ ఆఖరున ఇస్తారు. ఈ నడుమ దొరికే కొద్ది రోజుల్లోనే పున్నమో అమావాస్యో పడాలి. జారవా గిరిజనుల ప్రాంతం గుండా పోయే రోడ్డు మీద కెమెరా తీయడం నేరం. ఆ దారికి పోకుండానే మా అమ్మాయి ప్రణాళిక వేసింది. అక్కడి పట్నంలో శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అత్తమ్మకు మాట్లాడే మనుషులకు కొదవ ఉండదు.

ఆమె వస్తానంది. కందకుర్తి పడవ ఎక్కి దిగిన ధైర్యం అది. ఓడలు ఆగే జెట్టీల దగ్గర ఎన్ని మెట్లు ఉంటాయో, పట్టుకోవడానికి కడ్డీలు ఉన్నాయో లేవో మా ఆయన ఫోన్లు చేసి కనుక్కుంటున్నాడు. అది తేలాక టికెట్లు తీస్తాం.